శ్రీనాథుడు, అంబలి, మా ముసలి కుక్క

పలనాట సన్నబియ్యపు అన్నం దొరకదనీ, జొన్నకూడే గతియనీ ఎకసక్కెమాడే చాటువులు 15వ శతాబ్దపు శ్రీనాథుని పేర వినవస్తాయి. నిజమే, గురజాల, నరసరావుపేట ప్రాంతాలు నాడు వాననే నమ్ముకొన్న మెట్టభూములు. జొన్న, సజ్జలకు ఆ తడి చాలు, వరికి చాలదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప వరి పెరిగింది. మా ఇంట అంబలికుండ అటకెక్కింది. సజ్జబూరెలు సైతం అరుదైనాయి.

ఈ వేసవిలో పళ్ళూడిన మా ముసలి కుక్క అన్నం ముట్టడం మానివేసింది. జొన్నపిండిని పలుచగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి పెడితే గిన్నె నాకివేసింది! మిగిలినదానిలో ఉప్పు వేసుకొని, ఉల్లిపాయ నంజుకొంటూ నేనూ త్రాగాను. అమ్మ పోయిన తరువాత ఇదే మొదటిసారి. కవిసార్వభౌముడు మండుటెండలో వచ్చి ఈ చల్లని అంబలి రుచి చూచి ఉంటే, ఆ చాటువు మరొక విధంగా ఉండేదేమో!

మిత్రులారా, మీ ఇళ్ళలో అంబలికుండ ఇంకా ఉన్నదా?