యంత్రవాద్యములు – నాదసూక్ష్మత



విద్యుద్వాద్యము లొకదానితో నొకటి సంభాషించుటకు ‘మిడి’ యను సంకేతభాష 1983లో నేర్పడెను. అమెరికావాసి డేవ్ స్మిత్, జపాను దేశీయుడగు ఇకుటారో కకెహాషి దీనికి ముఖ్యకారకులు. అంతకుముందు ఒక సంస్థ చేసిన వాద్యము మరియొక సంస్థ వాద్యము మాట వినుట యరుదు.

ఈ భాషలో వాద్యకారుడు మీట త్రిప్పగా నాదము 0 మొదలు 127 వరకు, 128 మెట్లుగా మాత్రమే హెచ్చును, తగ్గును. నాదమును మెల్లమెల్లగా పెంచునపుడు ఈ మెట్లు చెవికి తెలియవచ్చును.

దీనికి నిర్మాతలు యుపాయ మొకటి యుంచిరి. రూపాయిని పైసలుగా విడదీసినట్లు, ఒక్కొక్క పెద్దమెట్టును మరల 128 చిన్నమెట్లు చేసిరి. 0–31 సంఖ్యలు గల వార్తలు పెద్దమెట్టును, 32–63 సంఖ్యలవి చిన్నమెట్టును తెలుపును. ఇట్లు 16,384 మెట్లు లభించును. అయితే ఒక మార్పునకు రెండు వార్తలు పంపవలెను. ఒక్కొక్కదానికి సెకనులో సుమారు వెయ్యవవంతు పట్టును. మొదటిది చేరి రెండవది చేరకమున్న నాదము క్షణకాలము తప్పుస్థాయికి పోవచ్చును. కావున పెక్కు వాద్యములు ముతకకొలతతోనే సరిపెట్టుకొన్నవి.

2020లో ఆమోదింపబడిన మిడి 2.0 ఒక్క వార్తలోనే 429 కోట్లకు పైగా మెట్ల నిమిడ్చినది. పాతవాద్యములతో మాటలాడు వీలును నిలిపినది.

చౌకగా నందరికి నందవలెనని ఆదిలో ముతకగా నుంచిన కొలత నునుపగుటకు 37 ఏండ్లు పట్టినది. పదిమందికి నొక పద్ధతి నేర్పరచువారు రేపటి యవసరమునకు కొంత చోటు విడువవలెనని యీ చరిత్ర తెలుపుచున్నది.