అద్దె ఇంట్లోకి యజమాని ఎప్పుడు రావచ్చు?

ఇల్లు అద్దెకిచ్చినా యాజమాన్యం యజమానిదే. అద్దె గడువు ముగిసేదాకా స్వాధీనం మాత్రం అద్దెదారుది. యజమాని చెప్పకుండా లోపలికి రావచ్చా, తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీయవచ్చా అన్న తగాదాలకు మూలం ఈ తేడాయే.

ఈ విషయంలో పాత ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అద్దె కడుతూ షరతులు పాటించేవారు ఆటంకం లేకుండా ఇంట్లో ఉండవచ్చని దాని 108వ సెక్షన్ చెబుతోంది. ఇల్లు ఏ స్థితిలో ఉందో చూడటానికి యజమానినీ ఆయన మనుషులనూ సముచిత వేళల్లో రానివ్వాలని కూడా అదే సెక్షన్ అంటోంది. ఎంత ముందు చెప్పాలో మాత్రం అందులో లేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఆ స్పష్టత ఉంది. కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ మాధ్యమంలో గానీ నోటీసు ఇవ్వాలి. రోజు, సమయం, కారణం పేర్కొనాలి. మరమ్మతులు, ఇల్లు నివాసయోగ్యంగా ఉందో లేదో చూడటం, ఒప్పందంలో రాసుకున్న ఇతర సహేతుక అవసరాలు మాత్రమే కారణాలు కావాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత ప్రవేశించకూడదు. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం వంటి అత్యవసర పరిస్థితుల్లో నోటీసు అక్కర్లేదు.

అయితే ఇది నమూనా మాత్రమే. యజమాని, అద్దెదారు సంబంధాలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఉన్నందున, రాష్ట్రం చట్టం చేస్తేనే ఈ నిబంధనకు అక్కడ బలం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు 2017లోనే కొత్త అద్దె చట్టాలు తెచ్చాయి. ఉత్తరప్రదేశ్, అస్సాం 2021లో తెచ్చాయి. తెలంగాణ ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 చట్టాన్ని స్వీకరించింది. అద్దె నియంత్రణ, ఖాళీ చేయించడం ఆ చట్టంలో ప్రధానాంశాలు.

బెదిరించే, అవమానించే లేదా వేధించే ఉద్దేశంతో ఇతరుల స్వాధీనంలోని ఇంట్లోకి చొరబడటం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. అక్కడ లెక్కలోకి వచ్చేది స్వాధీనమే, యాజమాన్యం కాదు. కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చేయాల్సి ఉంటుంది.

అందుకే అద్దె ఒప్పందం కీలకం. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే 108వ సెక్షన్ నియమాలు దానికి లోబడతాయి. ‘యజమాని ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు’ అన్న షరతుపై సంతకం పెట్టాక అభ్యంతరం చెప్పడం కష్టం. ఎన్ని గంటల ముందు చెప్పాలి, ఏ వేళల్లో రావాలి, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్నవి ముందే రాసుకుంటే ఇద్దరికీ రక్షణ.