సీసా పెంకుతో ములికి చెక్కిన మనిషి

ఈమధ్య మా ఊరి కుర్రాళ్ళు ఫోనుల్లో విల్లు తయారు చేసుకునే వీడియోలు తెగ చూస్తున్నారు. పీవీసీ పైపు వేడిచేసి వంచేవాడు ఒకడు, వెదురు బద్దలు కలిపి కట్టేవాడు ఇంకొకడు. అమెరికాలో, యూరప్‌లో ఇదొక పెద్ద సరదా. ఆదివారం వస్తే షెడ్డులో కూర్చుని విల్లు చెక్కుకుంటారు, ఈకలు అంటించుకుంటారు, బాణాలు తూకం వేసుకుంటారు. ఈ సరదా ఎక్కడి నుంచి వచ్చిందా అని చదువుకుంటూ పోతే నేను ఒక అడవి మనిషి దగ్గర తేలాను. ఆయన పేరు ఇషి. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

అంతా ఆయనతోనే మొదలైందని అనను. 1878లోనే మారిస్ థాంప్సన్ అనే అమెరికా ఆయన విలువిద్య మీద పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది అక్కడ జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు. కానీ ఆ మోజు ఎక్కువగా పచ్చిక మీద బొమ్మకి గురిపెట్టే పందేల వైపు మళ్ళి, కొన్నాళ్ళకి చల్లారింది. మన చేత్తో మనం విల్లు చేసుకోవడం, దాంతో అడివికి పోవడం అనే పిచ్చి మళ్ళీ రాజుకున్నది మాత్రం ఇషి వల్లే.

ఉత్తర కాలిఫోర్నియాలో లాసెన్ కొండ కింద డీర్ క్రీక్, మిల్ క్రీక్ అని రెండు వాగులు. ఆ లోయల్లో యాహీ అనే జనం ఉండేవారు, కొన్ని వందల మంది. 1848లో ఆ రాష్ట్రంలో బంగారం దొరికింది. తెల్లవాళ్ళు వేలకి వేలు దిగారు. వాగులు పాడయ్యాయి, జింకలు తగ్గాయి, పశువుల మందలు వచ్చి గింజల గడ్డి మేసేశాయి. ఆకలికి యాహీలు ఒక పశువునో గుర్రాన్నో కొట్టుకుపోతే, దానికి బదులు ఊళ్ళకి ఊళ్ళనే తుపాకులతో చంపారు. 1860ల్లో వరసగా ఊచకోతలు. మిగిలిన పిడికెడు మంది దాదాపు 40 ఏళ్ళు దాక్కుని బతికారు. పొగ కనిపించకుండా వంట, అడుగుజాడ పడకుండా రాళ్ళ మీద నడక.

ఇక్కడ విల్లు సంగతి ఒకటి గమనించండి. దాక్కున్నవాడికి తుపాకి పనికిరాదు, మోత వినిపిస్తుంది కదా. చప్పుడు లేని విల్లే వాళ్ళని అన్నేళ్ళు బతికించింది. అదే ఎదురు నిలిచి పోరాడాలంటే విల్లు చాలదు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే.

1908లో కరెంటు కంపెనీకి సర్వే చేసేవాళ్ళు అనుకోకుండా వాళ్ళ గుడిసెల మీదకి వచ్చారు. అప్పటికి మిగిలింది నలుగురే. మిగతావాళ్ళు పారిపోయారు, నడవలేని ముసలి తల్లి దుప్పట్ల కింద ఉండిపోయింది. సర్వేవాళ్ళు ఆమెను ఏమీ చేయలేదు గానీ గుడిసెల్లో ఉన్న విల్లులు, బాణాలు, బుట్టలు, తోళ్ళు గుర్తుగా ఉంటాయని పట్టుకుపోయారు. చలికాలం ముందు పనిముట్లన్నీ పోయాక మనిషి ఎట్లా బతుకుతాడు? రైతు ఇంట్లో నాగలి, కొడవలి, విత్తనం ఎత్తుకుపోయినట్టే అది. తల్లి కొద్ది రోజులకే పోయింది. మిగతా ఇద్దరూ మళ్ళీ కనిపించలేదు.

1911 ఆగస్టు 29న ఒరోవిల్ అనే ఊరి పక్కన, పశువుల్ని కోసే దొడ్డి దగ్గర కుక్కలు మొరుగుతుంటే చూశారు. బక్కచిక్కిన మనిషి, యాభై ఏళ్ళుంటాయి. అయినవాళ్ళు పోయిన దుఃఖానికి జుట్టు కాల్చుకుని ఉన్నాడు. ఆయన భాష ఎవరికీ రాదు. జనం గుమిగూడుతున్నారని షెరీఫ్ జైల్లో ఉంచాడు. యూనివర్సిటీ నుంచి వాటర్‌మన్ అనే పంతులు, యాహీలకి దగ్గరి భాష మాటల పట్టీ ఒకటి తెచ్చి వరసగా చదివాడు. ఏదీ తగల్లేదు. చివరికి మంచం కర్రని తట్టి, పైన్ చెట్టుకి వాళ్ళు పలికే మాట ‘సివిని’ అన్నాడు. ఆ మనిషి మొహం వెలిగిపోయింది. ఇద్దరూ మంచాన్ని తడుతూ అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారట. ఇద్దరినీ కలిపింది ఒక కర్ర పేరు.

తన పేరు తనే చెప్పుకోవడం వాళ్ళ ఆచారంలో లేదు. చెప్పడానికి ఇంకొకరు లేరు. ఆల్ఫ్రెడ్ క్రోబర్ అనే పెద్ద పంతులు ‘ఇషి’ అని పెట్టాడు. వాళ్ళ భాషలో ‘మనిషి’ అని అర్థం, అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ మ్యూజియంలోనే ఉంచారు. పక్కనే వైద్య కళాశాల. అందులో సర్జన్ సాక్స్‌టన్ పోప్. వైద్యం చేయడానికి వచ్చినవాడు కాస్తా ఇషి దగ్గర శిష్యుడై కూర్చున్నాడు.

ఇషి విల్లు చేసే తీరు పోప్ పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. అది చదువుతుంటే నాకు మా ఊరి వడ్రంగి నాగలి కర్ర ఎంచుకోవడం గుర్తొచ్చింది. కొండ జునిపర్ కొమ్మని చీల్చి తీస్తాడు. చేవ భాగం తన వైపుకి, బెరడు కిందుండే తెల్ల కర్ర బయటి వైపుకి వచ్చేలా. చీకటిగా, పొడిగా ఉన్నచోట ఆరబెడతాడు. ఎండలో పెడితే కర్ర పగుల్తుందని మనకీ తెలుసు కదా. నల్లటి గాజురాయి పెంకుతోనూ ఇసుకరాయితోనూ గీకి సన్నం చేస్తాడు. కొనలు వేడి రాయి మీద పెట్టి వెనక్కి వంచుతాడు. పొడవు సుమారు 42 అంగుళాలు. ఆయనకి టేపు లేదు, చాచిన చేతి నుంచి అవతలి తుంటి దాకా కొలత.

అసలు కిటుకు తర్వాత ఉంది. కర్రని వంచితే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. విరగడం ఎప్పుడూ సాగే వైపునుంచే. అంత పొట్టి కర్ర అంత వంపు తట్టుకోవాలంటే సాగే వైపుకి బలం కావాలి. అందుకని జింక కాళ్ళ నరాల్ని దారాల్లాగా చీల్చి, సాల్మన్ చేప చర్మం ఉడికించిన జిగురుతో విల్లు వీపుకి వరసలుగా అతికిస్తాడు. పైన విల్లో చెట్టు బెరడు చుట్టి కొన్ని రోజులు ఆరనిస్తాడు. నరం ఆరేకొద్దీ బిగుస్తుంది. లాగడానికి 40 పౌండ్ల చిల్లర బలం కావాలి, అంటే మన లెక్కలో 18 కిలోల పైమాట.

బాణాలకి హేజెల్ పుల్లలు. బెరడు తీసి కట్టలు కట్టి ఆరేస్తాడు, వంకర ఉన్నచోట నిప్పుల మీద కాచి సరిచేస్తాడు, గద్ద ఈకలు నరంతో చుట్టి కడతాడు. విడిచిన విల్లుని నిలబెట్టి ఉంచకూడదు, పడుకోబెట్టాలి అనేవాడట. నిలబడ్డ విల్లు పనిచేస్తున్నట్టే, దానికి చెమట పడుతుందని. కాడి దించిన ఎద్దుని మనం చూసుకున్నట్టే చూసుకున్నాడు.

ములికిల సంగతి నాకు బాగా నచ్చింది. జింక కొమ్ము కొనతో గాజురాయి అంచుని ఒత్తి ఒత్తి, చిన్న చిన్న పెచ్చులు ఎగరగొట్టి చెక్కేవాడు. దాక్కున్న రోజుల్లో తెల్లవాళ్ళు పారేసిన సీసా పెంకులే ఏరుకొచ్చి ములికిలు చేసుకున్నారు. మ్యూజియంలోనూ నీలం సీసా గాజుతో చెక్కినవి చూడటానికి నగల్లా ఉంటాయి. ఇప్పుడు పైపుతోనో పాత రంపం బ్లేడుతోనో సామాను చేసుకునేవాళ్ళని ‘నకిలీ’ అని వెక్కిరించే శుద్ధాచారులు ఉంటారు. వాళ్ళు ఆ నీలం ములికిల్ని ఒకసారి చూడాలి. చేతికి దొరికినదాంతో పని జరిపించుకోవడమే ఈ విద్య మొదటినుంచీ.

గురి మాటకొస్తే, దూరంగా పెట్టిన కాగితం బొమ్మని కొట్టడంలో ఇషి పెద్ద గొప్పవాడేం కాదని పోప్ నిజాయితీగానే రాశాడు. ఆయన నేర్చిన పని అది కాదు. పొదలో గొంతుక్కూర్చుని, పిట్ట కూతో కుందేలు కూతో కూసి, పది ఇరవై గజాల దగ్గరికి రప్పించి కొట్టడం ఆయన పని. 1914 మేలో క్రోబర్, వాటర్‌మన్, పోప్, పోప్ కొడుకు కలిసి ఇషిని మళ్ళీ డీర్ క్రీక్‌కి తీసుకెళ్ళారు. తనవాళ్ళంతా పోయిన చోటికి తిరిగి రావడం ఆయనకి మొదట ఇష్టం లేదు. వెళ్ళాక మాత్రం వాగులూ చెట్లూ ఒక్కొక్కటే పేరుపెట్టి చూపించాడు.

ఊళ్ళోకి వచ్చిన ఐదో ఏడు, 1916 మార్చి 25న, క్షయతో పోయాడు. ఆయన శరీరాన్ని కోయొద్దని, శాస్త్రం సంగతి తర్వాత చూసుకోవచ్చని న్యూయార్క్‌లో ఉన్న క్రోబర్ ఉత్తరం రాశాడు. అది అందేలోపే కోశారు, మెదడు తీశారు. విల్లు, ఐదు బాణాలు, ఒక బుట్ట ఓక్ గింజల పిండి పెట్టెలో పెట్టి మిగతా దేహాన్ని దహనం చేశారు. మెదడు మాత్రం స్మిత్సోనియన్ సంస్థకి పోయింది. 1999లో అక్కడుందని బయటపడింది, 2000లో ఆయనకి దగ్గరి తెగలవాళ్ళు తెచ్చుకుని మట్టి చేశారు. 84 ఏళ్ళు పట్టింది.

పోప్ ఆ విద్యని వదల్లేదు. ఇషి విల్లు పద్ధతి వదిలి ఇంగ్లీషు వాళ్ళ పొడుగు విల్లుకి, యూ చెట్టు కర్రకి మారాడు గానీ, పట్టుకున్న పిచ్చి ఇషిదే. 1923లో వేట విల్లు మీద పుస్తకం వేశాడు. వేట కథలు పక్కన పెట్టండి, అందులో విల్లు, బాణం చేసుకునే అధ్యాయాలు ఉన్నాయి. కొట్లో దొరికే గుండ్రటి బిర్చ్ పుల్లలు, టర్కీ కోడి ఈకలు, మైనం పట్టించిన నార దారం. మామూలు మనిషి చేసుకోగల రీతిలో కొలతలతో చెప్పాడు. అమెరికాలో ఎంతోమంది షెడ్డుల్లో కత్తి పట్టింది అది చదివే. 1926లో పోప్ పోయాడు. 1961లో వేటగాళ్ళ క్లబ్బు ఒకటి పెట్టి, పోప్ పేరు, ఆయన జోడీ ఆర్థర్ యంగ్ పేరు పెట్టుకున్నారు. గురువు పేరు ఆ బోర్డు మీద లేదు. నాకది సబబుగా అనిపించలేదు.

ఇప్పుడు మన వెన్నం జ్యోతి సురేఖ పట్టే చక్రాల విల్లు ఉంది చూశారూ, దాని పుట్టుక కూడా ఇంటి పనే. మిస్సోరీ రాష్ట్రంలో హోలెస్ అలెన్ అనే ఆయన మామూలు విల్లు కొనలు కోసేసి కప్పీలు బిగించి చూశాడు. 1966లో దరఖాస్తు పెడితే 1969లో పేటెంటు వచ్చింది. బావి గిలక చూసినవాడికి ఆ సూత్రం విడమర్చి చెప్పక్కర్లేదు.

మన దేశపు విల్లు గురించి గ్రీకువాళ్ళు రాసింది ఉంది. మనిషంత పొడుగట, కింది కొన నేలకి ఆనించి ఎడమ కాలితో తొక్కిపట్టి లాగేవారట, బాణం మూడు మూరలకి కాస్త తక్కువట. అలెగ్జాండర్ కాలం నాటి మాట అది. నల్లమల చెంచుల విల్లంబుల గురించి హైమెండార్ఫ్ 1943లో పుస్తకంలో రాశాడు. ఆయన తెగ జీవితం మొత్తం చూశాడు. పోప్‌లాగా పక్కన కూర్చుని ఏ నెలలో కొట్టిన వెదురు, ఎన్ని కణుపులు, కొన ఎట్లా గాటు పెట్టాలి అని విల్లు ఒక్కదాన్నే నేర్చుకుని రాసిన తెలుగు పుస్తకం నా కంటపడలేదు. మన పోటీల్లో వెదురు విల్లుకి ‘ఇండియన్ రౌండ్’ అని విడిగా విభాగం ఉంది. ఏజెన్సీ పిల్లలు అక్కడ మొదలుపెట్టి బాగానే కొడతారు. ఒలింపిక్ విల్లుకి మారాలంటే సామానుకి లక్ష దాటుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. తండాల్లో, గూడేల్లో తాతలు ఉన్న మిత్రులు ఫోన్ పట్టుకుని వాళ్ళ దగ్గర గంట కూర్చోండి. వీడియో తీస్తే నాకూ పంపండి.

చేసుకుందామనుకునే కుర్రాళ్ళకి రెండు మాటలు. ముదురు వెదురే కొట్టండి, నీడలో ఆరనివ్వండి, పైపెంకు బయటి వైపు ఉంచి లోపలి వైపే చెక్కండి. గాటు పడ్డ బద్ద, పురుగు తొలిచిన బద్ద పనికిరాదు. బాణం లేకుండా ఖాళీగా లాగి వదలొద్దు, ఆ దెబ్బంతా విల్లే తింటుంది, విరిగితే ముక్క మొహానికే వస్తుంది. వెనక మట్టి గట్టో గడ్డివామో ఉన్నచోటే కొట్టండి. పిట్టల మీదా కుందేళ్ళ మీదా వేయకండి, 1972 చట్టం కింద అది జైలు కేసు.