లోహభస్మం – నానో కణం: హరిత సంశ్లేషణ చరిత్రపై ఒక పరిశీలన

మొక్కల సారంతో, బాక్టీరియాను నిరోధించే లోహ నానో కణాలను తయారుచేసే పద్ధతికి హరిత సంశ్లేషణ అని పేరు. దీని చరిత్రను ఆయుర్వేద లోహభస్మాలతో మొదలుపెట్టి, ప్రాచీనులకు నానో విజ్ఞానం తెలుసునని నిర్ధారించడం పరిపాటి అయింది. ఆ నిర్ధారణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రసశాస్త్రంలో లోహాన్ని కాల్చి నూనె, మజ్జిగ, గోమూత్రం, ఉలవ కషాయం వంటి ద్రవాలలో ముంచి శోధిస్తారు. పిమ్మట మూలికారసాలతో నూరి, బిళ్ళలు చేసి, పుటం పెడతారు. భస్మం నీటిపై తేలితే ‘వారితరం’, వేలిగీతలలో ఇమిడితే ‘రేఖాపూర్ణం’. ఈ రెండూ సూక్ష్మతకు పరీక్షలు. వీటితోపాటు ‘అపునర్భవ’ పరీక్ష కూడా ఉంది. నిర్దిష్ట ద్రవ్యాలతో కలిపి కాల్చినా భస్మం తిరిగి లోహం కారాదన్నది దాని నియమం.

హరిత సంశ్లేషణ దీనికి ఎదురు దిశలో సాగుతుంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోని వెండి అయాన్లకు ఆకుసారంలోని పాలీఫినాల్స్ వంటి పదార్థాలు ఎలక్ట్రాన్లను అందించి, వాటిని లోహంగా మారుస్తాయి. సారంలోని ఇతర అణువులు కణాలను పొదివి, అవి ముద్దకట్టకుండా ఆపుతాయి. ద్రావణం గోధుమరంగుకు తిరుగుతుంది. అంటే ఇక్కడ లోహం పునర్భవించడమే లక్ష్యం.

ఈ పద్ధతి పూర్వచరిత్ర కొల్లాయిడ్ రసాయనశాస్త్రంలో ఉంది. 1857లో మైకేల్ ఫారడే బంగారు లవణాన్ని భాస్వరంతో క్షయకరణం చేసి ఎర్రని ద్రవం పొందాడు. 1889లో కేరీ లీ సిట్రేట్ సాయంతో వెండి కొల్లాయిడ్ తయారుచేశాడు. 1998లో అనాస్టస్, వార్నర్ హరిత రసాయనశాస్త్రానికి 12 సూత్రాలు కూర్చారు. 2003లో గార్డియా-టొరెస్డే బృందం సజీవ అల్ఫాల్ఫా మొక్కలలో వెండి నానో కణాలు ఏర్పడడాన్ని చూపింది. 2004లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు చెందిన మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో వెండి, బంగారు కణాలను తయారుచేసి, శిలీంధ్రాలతో కంటే ఈ చర్య ఎంతో వేగంగా జరుగుతుందని వెల్లడించింది.

కనుక మూలికారసం, లోహం, సూక్ష్మత అనే మూడు పోలికలను బట్టి రెండింటినీ ఒకే పరంపరగా భావించలేము. ఇది కేవలం చరిత్రకు సంబంధించిన పట్టింపు అనుకోరాదు. భస్మానికి ఉన్న చిరకాల వాడుకను కొత్త కణాల భద్రతకు సాక్ష్యంగా చూపే ప్రమాదం ఇందులో ఉంది. ‘హరిత’ విశేషణం తయారీ విధానానికే వర్తిస్తుంది. శరీరంపై ఆ కణాల ప్రభావాన్ని వేరుగా పరీక్షించవలసిందే. భస్మకారుల పరిశీలనాశక్తిని గౌరవించాలంటే, వారు కోరినదేమిటో వారి పరిభాషలోనే గుర్తించాలి.