చుండూరు సమాధులు చెప్పే చరిత్ర

పొన్నూరుకు యాత్రికులు భావనారాయణస్వామి కోసం, నిలువెత్తు ఆంజనేయుడి కోసం వస్తారు. ఈ నేల మీద వివక్ష ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న చుండూరు దళితవాడకు వెళ్లాలి. 1991 ఆగస్టు 6న అగ్రకులాల దాడిలో హతులైన ఎనిమిది మంది దళితుల సమాధులు వాడ నడుమే ఉన్నాయి. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. టిక్కెట్టూ గైడూ లేకపోయినా, ఈ ప్రాంతపు మానవహక్కుల మ్యూజియం అదే. దాని పూర్వకథ 1985 జూలైలో కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గర ఉంది. గేదెకు కుడితి పెట్టిన బకెట్ అక్కడ కడగొద్దని అగ్రకులస్థులకు చెప్పినందుకు గొడవ రేగింది, కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాటి దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. దాన్ని నడిపినవారిలో ఒకరైన కత్తి పద్మారావు పొన్నూరులో సంస్కృతం పాఠం చెప్పిన అధ్యాపకుడు (ఒకప్పుడు ఆ చదువు దళితుల చెవిన పడనిచ్చేవారు కాదు). 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఇలాంటి ఉద్యమాల ఒత్తిడి ఉంది.

పాత గాయాలు కెలకడమెందుకు, కేసే నిలబడలేదు కదా అంటారు కొందరు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు దోషులందర్నీ విడిచిపెట్టింది. నిజమే. కానీ నేరం రుజువు కాలేదంటే హత్యలు జరగలేదని కాదు. గాయం మానాలన్నా ముందు అది ఉందని ఒప్పుకోవాలి. ఆ రెండు తీర్పుల ప్రతులనూ ప్రభుత్వం తెలుగులో అచ్చువేసి, చుండూరులోనే జనం చదువుకునేలా ఉంచాలి.