ఇంట్లో వాడిన సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మితే ట్యాక్స్ కట్టాలా?

ఇల్లు మారేటప్పుడో, గల్ఫ్‌కు వెళ్లేటప్పుడో పాత సోఫా, ఫ్రిజ్, బైక్ ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేయడం మామూలే. డబ్బులు ఖాతాలో పడగానే ఐటీ నోటీసు వస్తుందేమోనని చాలామంది కంగారుపడతారు.

ఆ కంగారు అక్కర్లేదు. సొంత వాడకానికి కొనుక్కున్న బట్టలు, ఫర్నిచర్, ఫోన్, బండి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూలధన ఆస్తులు కావు. 30,000 రూపాయలకు కొన్న ఫ్రిజ్ 12,000కు పోతే అది ఆదాయం కిందకు రాదు. వ్యాపారం కాదు కాబట్టి జీఎస్టీ కూడా పడదు.

బంగారం సంగతి మాత్రం వేరు. నగలు, పెయింటింగులు, శిల్పాలకు ఈ మినహాయింపు లేదు. పెళ్లిలో అమ్మానాన్నలు పెట్టిన గాజులు అమ్మినా లాభం లెక్క చూపాల్సిందే. వాళ్లు కొన్న ధరనే అసలు ధరగా తీసుకుంటారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నవైతే ఆ రోజు మార్కెట్ ధర తీసుకోవచ్చు. కొని 24 నెలలు దాటితే లాభంపై 12.5 శాతం పన్ను, దానిపై సెస్సు.

పాత ఫోన్లు కొని, లాభానికి మళ్లీ అమ్ముతుంటే అది వ్యాపారమే. ఆ లాభం ఐటీ రిటర్న్‌లో చూపాలి.

ఇంకో జాగ్రత్త: కారు లాంటిది అమ్మినప్పుడు 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. పాత బిల్లు, కొన్నవారితో జరిగిన చాట్ దాచుకుంటే, రేపు ఎవరైనా అడిగినా జవాబు చేతిలో ఉంటుంది.