పావుకోళ్ళూ, గెతాలూ

ఇటీవల సికింద్రాబాదులో ఒక పాతసామాను అంగడిలో రెండు జతల కొయ్యచెప్పులు చూశాను. ఒకటి మన పావుకోళ్ళు, రెండవది జపాను వారి గెతాలు. “రెండూ ఒకటేనండీ, కొయ్యే గదా!” అన్నాడు అంగడి యజమాని. నిజంగా ఒకటేనా?

పావుకోడుకు పట్టీ లేదు. బొటనవ్రేలికీ పక్కవ్రేలికీ నడుమ ఉండే గుబ్బ ఒక్కటే ఆధారం. వ్రేళ్ళతో బిగబట్టి మెల్లగా నడవాలి. బరువు మోసేవాడికీ, పరుగెత్తేవాడికీ అది పనికిరాదు. గెతాకు వ్రేళ్ళ సందునుంచి చీలి పాదాన్ని పట్టుకొనే పట్టీ ఉంది. పలక అడుగున అడ్డంగా రెండు కొయ్యపళ్ళు ఉంటాయి గనుక బురద అంటదు. జపాను పట్టణాలలో చేతిపనివారు, దుకాణదారులు కూడా వాటిని తొడిగారు.

మన పావుకోళ్ళు ప్రధానంగా సన్యాసులవి, మడి కట్టుకొనే పండితులవి. కారణమేమిటి? తోలు మైల, కొయ్య శుచి! ఆ మైలనంతా మాదిగ నెత్తిన వేశారు. తంగేడుచెక్కతో లందలో తోలు ఊనింది అతడే. ఊరికి చెప్పులు కుట్టింది అతడే. నిజాం కాలపు తెలంగాణాలో దొరకు వెట్టిగా చెప్పులిచ్చి, ఆ దొర గడీ ముందు తన చెప్పులు చేతపట్టుకొని నడిచిందీ అతడే. పాదుకలకు పట్టాభిషేకం చేసిన కథను భక్తితో విన్న సమాజమే ఇది!

1806లో సికందర్ జా పేర వెలసిన ఈ సికింద్రాబాదు ఇంగ్లీషు దండు విడిది. దండు కాళ్ళకున్నదీ తోలు బూటే. దాన్ని మైల అని ఎవరూ దూరం పెట్టలేదు. అధికారం తొడిగితే తోలుకు కూడా మైల పోతుందన్నమాట.

ఈ విషయంలో జపాను నిర్దోషి కాదు. అక్కడా పశుకళేబరాలెత్తేవారిని, తోలుపనివారిని వెలివేశారు. 1871లో ప్రభుత్వం ఆ భేదాన్ని శాసనంతో రద్దుచేసింది, వివక్ష పోలేదు. అందుకే 1922లో క్యోటోలో ఆ పీడితులే సుయిహేషా అనే సంఘం పెట్టుకొన్నారు. మనకు 1950 రాజ్యాంగంలో 17వ అధికరణం, 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చాయి. అంతకుముందే, 1946లో మొదలైన తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం వెట్టిని దెబ్బతీసింది. రెండు దేశాలలోనూ శాసనం ఒక్కటే చాలలేదు, పీడితులు కదలవలసివచ్చింది.

గడపలో చెప్పులు విడవడం రెండు దేశాలలోనూ మర్యాదే. పెద్దా చిన్నా అందరూ విడుస్తారు. కాని వీధిలో, మరొక మనిషి ఇంటి ముందు, ఒక్క కులంవాడి చేతనే విడిపించడం మర్యాద కాదు, బానిసత్వం. మన ఉపాధ్యాయులు పావుకోళ్ళ సంస్కృతిని గురించి చెప్పేటప్పుడు, లంద దగ్గర నిలబడ్డ మనిషి ఉత్త కాళ్ళను గురించి కూడా చెప్పాలి.